మంచులో తొక్కిన ఉర్లగడ్డలు

ఆ సంచిని పారేసింది నేనే. ఆ మాట మొదటే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

మస్కట్‌లో, ఖురంలో, ఒక గనుల ఇంజినీరు గారి ఇంటిని నేను ఆరేళ్ళుగా చూసుకుంటున్నాను. వంట, సరుకులు, బట్టలు, తాళాలు అన్నీ నా చేతి మీదుగానే నడుస్తాయి. నన్నిక్కడికి పంపిన ఏజెంటు కాగితంలో ‘ఖద్దామా’ అని రాయించాడు. ఇక్కడ పనిమనిషిని అలా అంటారు. వచ్చిన మొదటి రోజే మేడమ్‌తో చెప్పాను, ఆ మాటతో పిలిస్తే పలకనని. ఆమె కాసేపు నా వైపు చూసి, తాళాల గుత్తి తెచ్చి నా చేతిలో పెట్టింది. యూనిఫాం కుట్టిస్తామన్నారు, వద్దన్నాను. గంజి పెట్టిన నూలు చీరలోనే పని చేస్తాను. మేడమ్ నాతో ఇంగ్లీషులో మాట్లాడుతుంది. ఇంగ్లీషులో నువ్వు, మీరు ఒకటే కాబట్టి ఆమె నన్ను మీరనే అంటోందని అనుకుంటాను.

మాది కడప జిల్లా. మా ముత్తాత తండ్రి కాలంలో పదకొండు ఊళ్ళలో మా ఇంటి మాట చెల్లేది. నేను పుట్టేనాటికి ఊళ్ళూ లేవు, పొలాలూ లేవు. వెన్ను వంచకుండా కూర్చోవడం, ఎవరినీ ఏదీ అడగకపోవడం, ఈ రెండే మిగిలాయి. మా నాయన వాటినే మాకు జాగ్రత్తగా పంచి ఇచ్చాడు. కడపలో బి.ఏ. చరిత్ర రెండో ఏడాదిలో ఉండగా నా చదువు ఆగిపోయింది. చదివినంత వరకు బాగా చదివాను.

ఇంజినీరు గారిదీ మేడమ్‌దీ దక్షిణ అమెరికాలోని బొలీవియా. ఆయన సోహార్ వైపు రాగి గనుల సైట్‌లో వారానికి నాలుగు రోజులు ఉంటారు. రెండేళ్ళ కిందట అక్టోబరులో మేడమ్ వాళ్ళమ్మ వచ్చింది, చలికాలమంతా కూతురి దగ్గర ఉండిపోదామని. నా భుజం దాకా వచ్చే మనిషి. నడుము దాకా రెండు జడలు, ఒకదాని మీద ఒకటి నాలుగైదు గాగరాలు, నెత్తిన గుండ్రటి నల్ల టోపీ, వీపున చారల నేత గుడ్డతో కట్టిన మూట. టోపీని ఇంట్లో కూడా తీయదు. ఒమన్‌కు వచ్చాక నాకన్నా నిటారుగా నిలబడే మనిషిని నేను చూడడం అదే మొదలు.

ఆమె వచ్చిన రెండో వారంలో సరుకుల గది సర్దుతూ ఆ సంచి చూశాను. ఉన్ని సంచి. లోపల నల్లగా ముడుచుకుపోయి, గులకరాళ్ళలా కనిపించేవి ఉన్నాయి. చేతికి తీసుకుంటే బెండు ముక్కంత తేలిక. వాసన చూస్తే పాత మట్టి వాసన. ఒకటి విరిచి చూశాను. ఉర్లగడ్డ. ఎప్పుడో కుళ్ళి, ఎండి, నల్లబడిన బంగాళాదుంప. నా చేతికింద ఉన్న ఇంట్లో కుళ్ళిన సరుకు ఉండడానికి వీల్లేదు. ఎవరినైనా అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. సంచి మూతి కట్టి చెత్తతో పాటు బయట పెట్టాను. డ్రైవర్ దాన్ని మోసుకెళ్ళి వీధి చివరి మునిసిపాలిటీ డబ్బాలో వేశాడు. లారీ వచ్చి తీసుకుపోయింది.

మూడో రోజు పొద్దున పెద్దామె ఆ గదిలోకి వెళ్ళి వెతకడం మొదలుపెట్టింది. బియ్యం బస్తాలు జరిపింది, డబ్బాల మూతలు తీసింది. ఎవరినీ ఏమీ అనకుండా వెతికింది. మేడమ్ వచ్చి తల్లితో వాళ్ళ భాషలో మాట్లాడి, నేరుగా వాకిట్లోకి పోయి డ్రైవర్‌ని పిలిచింది.

ఈ డ్రైవర్‌ది మా రాజంపేట వైపు. ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో మా కడప తెలుగు మాట్లాడతాడు. అల్ హైల్‌లో ఇంకో అయిదుగురితో కలిసి రూమ్‌లో ఉంటాడు. నోటి దురుసు మనిషి. నన్ను దొరసానక్కా అని పిలుస్తాడు, మర్యాదకు కాదు.

“చెత్త తీసుకెళ్ళేది నువ్వే. ఆ సంచి నువ్వు కాక ఎవరు పారేస్తారు?” అని మేడమ్ గట్టిగా అడుగుతోంది. ఇంజినీరు గారి కంపెనీలో చెప్పి వేరే డ్రైవర్‌ని వేయించుకుంటానని కూడా అంది. అతని వీసా ఆ కంపెనీదే. వేరే డ్రైవర్ అంటే ఇతను ఊరికి పోవడమే.

అతను తల వంచుకుని, “నాకు తెల్వదు మేడమ్” అన్నాడు. ఒకసారి నా వైపు చూసి మళ్ళీ తల దించుకున్నాడు.

నేను వంటగది గుమ్మంలో ఉల్లిపాయలు తరుగుతున్నాను. నోరు మెదపకపోతే చాలు, అది అక్కడితో అయిపోతుంది. కాని నా తప్పును ఒక డ్రైవర్ వీపు మీద మోయించడం మా ఇంట్లో పుట్టినవాళ్ళు చేసే పని కాదు. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, బయటికి వచ్చాను.

“మేడమ్, పారేసింది నేను. కుళ్ళినవనుకున్నాను. అడగలేదు.”

మేడమ్ మొహంలో కోపం చల్లారిపోయింది. “సరేలెండి, మీకు తెలియదు కదా” అంది. ఆ మాట నాకు తిట్టుకన్నా ఎక్కువగా తగిలింది. తెలియనివాళ్ళను క్షమించడం పైనున్నవాళ్ళ పని. నేను అలా క్షమించబడడానికి ఒప్పుకునేదాన్ని కాను.

“పెద్దామెతో చెప్పండి. ఆమె ముందర చెప్పండి” అన్నాను.

పెద్దామె వాకిట్లోకి వచ్చింది. కూతురు చెప్పిందంతా విని, కింది నుంచి పై దాకా నన్ను ఒకసారి చూసి, ఒకే ప్రశ్న వేసింది.

“ఎందుకు అడగలేదంటోంది” అని మేడమ్ చెప్పింది.

“మా ఇంట్లో అడిగే అలవాటు లేదు.”

ఆ మాటను తల్లికి చెప్పాలా వద్దా అని మేడమ్ కాస్త తటపటాయించి, చెప్పింది. పెద్దామె ముక్కుతో చిన్న శబ్దం చేసింది. నవ్వో, కాదో తెలియలేదు. తర్వాత చాలాసేపు మాట్లాడింది. నేను నిలబడి విన్నాను.

ఆ నల్లటి వాటిని చూన్యో అంటారట. వాళ్ళ ప్రాంతం రెండు కొండల వరసల మధ్య ఉన్న పీఠభూమి. మన తిరుమల కొండను ఒకదాని మీద ఒకటి నాలుగు సార్లు పేర్చితే ఎంత ఎత్తో అంత ఎత్తు. చెట్లుండవు. సముద్రమంత చెరువు ఉంటుంది. జూన్ నెల వాళ్ళకు నడి చలికాలం. పగలు ఎండ చుర్రుమంటుంది, రాత్రి మంచు పడుతుంది. చిన్న ఉర్లగడ్డలను నేల మీద పరిచి మంచులో గడ్డకట్టనిచ్చి, పగలు ఎండలో కరగనిచ్చి, కాళ్ళతో తొక్కి నీళ్ళన్నీ పిండేసి ఎండబెడతారు. అలా ఎండినవి ఏళ్ళ తరబడి నిలవుంటాయి. కరువు వచ్చినా వాళ్ళ ఊళ్ళను నిలబెట్టినవి ఇవే. స్పెయిన్ దొరలు ఆ కొండల్లో వెండి తవ్వించినప్పుడు, వంతులవారీగా గనిలోకి తోలిన మనుషులు తిన్నదీ ఇదే.

నేను పారేసిన సంచిలోవి పెద్దామె, ఆమె చెల్లెలు కలిసి తొక్కినవి. ఆ తర్వాత చెల్లెలు చనిపోయింది.

వాటి ఖరీదు ఇస్తానన్నాను. అన్నాక నాకే తప్పుగా తోచింది. పెద్దామె తల అడ్డంగా ఊపింది.

“అమ్మ డబ్బు తీసుకోదు” అంది మేడమ్. “వాళ్ళ ఊళ్ళో ఐని అనే పద్ధతి ఉంది. నీ చేలో నేను ఒక రోజు పని చేస్తే, నా చేలో నువ్వు ఒక రోజు చేస్తావు. పనికి పనే బదులు. అమ్మ, పిన్ని మూడు రోజులు తొక్కారు. మీరు మూడు రోజులు తొక్కాలట.”

మా వైపు చిన్న రైతులూ ఇలాగే ఒకరి చేలోకి ఒకరు బదులు పనికి పోతారు. మా ఇంటివాళ్ళు ఎన్నడూ పోలేదు. అది మా స్థాయి పని కాదనేది మా అవ్వ.

“తొక్కుతానని చెప్పండి” అన్నాను.

ఆ సాయంత్రం డ్రైవర్ వంటగది కిటికీ దగ్గరికి వచ్చాడు.

“సంచి ఎత్తినప్పుడే తెలుసక్కా నాకు. అంత తేలికుంటే చెత్త కాదనుకున్నా. నీ చేత్తోనే పెట్నావు గదా బయట.”

“మరి మేడమ్‌తో ఎందుకు చెప్పలేదు?”

“దొరసానక్క నోరిప్పుతాదో ల్యాదో సూద్దామని ఊరుకున్న్యా. ఇప్పకపోయింటే మటుకు జన్మలో నీ చేతి టీ తాగుండను.”

“ఇప్పుడు మాత్రం నిన్నెవరు తాగమన్నారు?” అని టీ పోసిచ్చాను.

తొక్కుతానన్నాను సరే, మస్కట్‌లో మంచు ఎక్కడిది? మేడమ్ ఫ్రీజర్ చూపించింది. పెద్దామె అందులో నాలుగు గడ్డలు పెట్టనిచ్చి, మర్నాడు తీసి నొక్కి చూసి, ముఖం చిట్లించుకుని చెత్తబుట్టలో వేసింది. పెట్టెలో చలి చలి కాదంది. జనవరిలో జబల్ అఖ్దర్ కొండ మీద నీళ్ళు గడ్డకడతాయని డ్రైవర్ చెప్పాడు. ఇంజినీరు గారి సైట్ బండి కొండెక్కుతుంది. అలా జనవరి దాకా ఆగాలని తేలింది.

ఆ రెండున్నర నెలలు పెద్దామె పొద్దున్నే వంటగదిలో నా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆమె భాష ఐమారా. స్పానిష్ కొద్దిగా వచ్చు. నాకు తెలుగు, ఇంగ్లీషు, గల్ఫ్ హిందీ, కొట్లో సరిపోయేంత అరబ్బీ. మొదట్లో ఇద్దరం ఎవరి భాషలో వాళ్ళం మాట్లాడేవాళ్ళం. ఒకరోజు ఆమె పండ్ల బుట్టలోంచి ఒకటి తీసి స్పానిష్‌లో ‘నరాన్హా’ అంది. నేను ‘నారింజ’ అన్నాను. ఇద్దరం ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత పంచదార డబ్బా ముట్టుకుని ‘అసూకర్’ అంది. ఇక్కడి అరబ్బులు సుక్కర్ అంటారు, మేము చక్కెర అంటాం. చరిత్ర పుస్తకంలో నౌకా వర్తకం అన్న పాఠం నేను బట్టీ పట్టి రాసినదే. అది ఒక పండుగా, ఒక డబ్బాగా నా బండ మీదికి వస్తుందనుకోలేదు.

ఐమారాలో మనం, మేము అని రెండు వేరు మాటలున్నాయని మేడమ్ చెప్పింది. జివాసా అంటే నీతో కలిపి మనం, ననకా అంటే నిన్ను వదిలి మేము. ఇంగ్లీషులో ఆ తేడా లేదని, స్పానిష్‌లోనూ లేదని అంది. “మా తెలుగులో ఉంది” అన్నాను. ఆ రోజంతా నేను కొంచెం గర్వంగానే తిరిగాను. రెండు రోజుల తర్వాత ఆ గర్వానికి కోత పడింది. నేను శనక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలతో కలిపి దంచుతుంటే పెద్దామె రోట్లోకి వేలు పెట్టి చూపించి, రొమ్ము మీద చెయ్యి వేసుకుంది. ఇవి మావి అని. “కాదు, మా కడపవి” అన్నాను. మిరప, శనక్కాయ, ఉర్లగడ్డ అన్నీ ఆ ఖండం నుంచే ప్రపంచమంతా పోయాయని మేడమ్ నెమ్మదిగా చెప్పింది. మిరపను పోర్చుగీసువాళ్ళు తెచ్చారని నేనూ చదివాను, కాని ఎవరి దగ్గర నుంచి తెచ్చారో అడగలేదు. పెద్దామె ఆ కారంతో అన్నం ముద్దలు కలుపుకుని తిని, మూడోసారి పెట్టించుకుంది.

ఇంకోరోజు చిక్కుడుకాయలు ఒలుస్తూ మా వంశం సంగతి చెప్పాను. పదకొండు ఊళ్ళు, కోట గోడ, గుర్రాలు. మేడమ్ తర్జుమా చేసింది. పెద్దామె శ్రద్ధగా విని ఏదో అడిగింది.

“మీ తాతకు దుక్కి దున్నడం వచ్చా అంటోంది.”

“లేదు. దున్నించేవాడు.”

పెద్దామె ఒక కాయ ఒలిచి, గింజలు గిన్నెలో వేసి, రెండు మాటలు అంది.

మేడమ్ నవ్వు ఆపుకుంటూ చెప్పింది. “అందుకే పోయిందట.”

నాకు ఒళ్ళు మండింది. కాని ఆమె తన సంగతీ చెప్పింది. వాళ్ళ తాతలూ వాళ్ళ ఊళ్ళకు పెద్దలే. తర్వాత పెద్ద కమతాల దొరలు వచ్చి భూములు లాక్కుని, ఆ పెద్దల పిల్లలను తమ గొర్రెలు కాయడానికి పెట్టుకున్నారు. ఆమె తండ్రి దొర ముందు టోపీ తీయనందుకు దెబ్బలు తిన్నాడు. తరువాత భూములు తిరిగి వచ్చాయి, దొరలు పోయారు. ఈ కథను ఆమె గొంతు తగ్గించకుండా, పెంచకుండా చెప్పింది. నేను నా వంతు చిక్కుడుకాయలు ఒలిచాను. ఆమె టోపీ ఎందుకు తీయదో అప్పటి నుంచి నేను అడగవలసిన అవసరం రాలేదు.

జనవరిలో డ్రైవర్ కూరగాయల మార్కెట్‌కు వెళ్ళి రెండు బస్తాల చిన్న ఉర్లగడ్డలు తెచ్చాడు. ఎవరూ కొనని గోలీల సైజువే కావాలనేసరికి కొట్టువాడు మేకలకా అని అడిగాడట. “మా దొరసానికి అని చెప్పినా” అన్నాడు.

నాలుగు రాత్రులకు సరిపడా అన్నీ సర్దుకుని బయలుదేరాం. ఇంజినీరు గారు సైట్‌లో ఉన్నారు. మేడమ్, పెద్దామె, నేను, డ్రైవర్. కొండ కింద చెక్‌పోస్ట్ దాటాక దారి ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతూ పైకి పోయింది. పైన ఒక మలుపులో పెద్దామె చెయ్యెత్తి బండి ఆపించింది. లోయకు అవతల, కొండ ఒంటి మీద, రాతి గోడలు కట్టిన మెట్ల పొలాలు. ఒక్కొక్కటి ఒక గది వెడల్పు కూడా లేదు. దానిమ్మ చెట్లు ఆకులు రాల్చి ఉన్నాయి. పొలాల పక్కనే సన్నటి కాలువలో నీళ్ళు. పెద్దామె కిందికి దిగి, వంగి, కాలువలో చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.

“వీళ్ళ తాతలు మా కొండలకు వచ్చారా, మావాళ్ళు ఇక్కడికి వచ్చారా అంటోంది” అంది మేడమ్.

మేము దిగిన ఇంటి యజమాని ఒక ముసలి రైతు. డ్రైవర్ అరబ్బీలో మాట్లాడి మాకు చెప్పేవాడు. ఆ కాలువ నీళ్ళు ఇంటింటికీ వంతుల ప్రకారం వస్తాయని, వంతు తప్పితే అన్నదమ్ములైనా ఊరుకోరని రైతు అన్నాడు. ఆ మాటలు ఇంకా ఐమారాలోకి రాకముందే పెద్దామె అతని వేళ్ళ కదలిక చూసి తల ఊపింది. మా ఉర్లగడ్డల సంగతి వినగానే అతను గడ్డం పట్టుకుని నవ్వాడు.

“కాళ్ళతో తొక్కింది ఎవురు తింటారంటాండాడు అక్కా” అన్నాడు డ్రైవర్.

“నీకు పెట్టంలే అని చెప్పు.”

మొదటి సాయంత్రం ఆ ఇంటి మిద్దె మీద పరిచాం. పొద్దున లేచి చూస్తే గడ్డలు తడిసి ఉన్నాయి, అంతే. నొక్కితే మామూలు ఉర్లగడ్డలు.

“సుఖంగా నిద్రపోయినట్టుండాయి” అన్నాడు డ్రైవర్.

నాకు ఆ మాట నవ్వు తెప్పించలేదు. ఉన్నది ఇక మూడు రాత్రులే. మంచు పడకపోతే నేను ఆ సంచిని పారేసినదాన్నిగానే మిగిలిపోతాను. మేడమ్ మళ్ళీ సరేలెండి అంటుంది. ఆ సరేలెండిని నేను రెండోసారి భరించలేను.

పెద్దామె ఊరి వెనక మైదానంలోకి నడిచింది. నేను వెంట నడిచాను. ఆమె అక్కడక్కడా కూర్చుని అరచెయ్యి నేలకు ఆనించి చూసేది, లేచేది. ఒక గంట తర్వాత ఒక పల్లం దగ్గర ఆగింది. పళ్ళెంలా చుట్టూ కాస్త ఎత్తు, మధ్యలో చదును. నాకు అర్థమయ్యేలా చేతులతో చూపించింది. చలి నీళ్ళలాగే పల్లానికి దిగి అక్కడ నిలుస్తుంది. ఊరి గోడలు పగటి వేడిని దాచుకుంటాయి, అందుకే మిద్దె మీద గడ్డకట్టలేదు. రెండు బస్తాలూ అక్కడికి మోశాం. ఒకటి డ్రైవర్, ఒకటి నేను. మేకలు రాకుండా రైతు చుట్టూ ముళ్ళకంప వేయించాడు.

మర్నాడు తెల్లారగానే పోయి చూశాం. గడ్డి మీద తెల్లటి పొడి. ఒక గడ్డ తీసి ఇంకోదానికి తగిలిస్తే రాయికి రాయి తగిలిన చప్పుడు. పెద్దామె ఆ రెండింటినీ నా చేతిలో పెట్టింది.

ఎండెక్కి అవి మెత్తబడ్డాక గాగరాలు ఎగదోపుకుని, చెప్పులు వదిలి, కుప్ప మీదికెక్కింది. నన్నూ రమ్మంది. నేను చీర కుచ్చిళ్ళు మడమల పైకి ఎత్తి దోపుకున్నాను. డ్రైవర్ అటు తిరిగి కొండను చూస్తూ నిలబడ్డాడు. ఆ మర్యాదకు అతనికి ఆ రోజు రెండు టీలు దక్కాయి. కాళ్ళ కింద నుంచి చల్లటి నీళ్ళు చిమ్మాయి. నేను బలం కొద్దీ తొక్కుతుంటే పెద్దామె ఆపి, నా రెండు చేతులూ పట్టుకుని, మేడమ్ వైపు తిరిగి ఏదో చెప్పింది.

“వీపు అలాగే ఉంచమంటోంది. బాగుందట. మోకాళ్ళు మాత్రం వదులు చెయ్యమంటోంది.”

అలా చేశాను. మడమ తిప్పితే తొక్క దానంతట అదే జారింది. ఇద్దరం చేతులు పట్టుకుని ఎదురెదురుగా మధ్యాహ్నం దాకా తొక్కాం. కాళ్ళకు స్పర్శ పోయింది. పెద్దామె వాళ్ళ భాషలో ఏదో పాడుతుంటే నేను నోరు మూసుకుని తొక్కాను. రెండో రోజు, మూడో రోజు కూడా అంతే. మూడో రోజు రైతు వచ్చి చూసి, ఈసారి నవ్వకుండా, మాకిద్దరికీ వేడి కాఫీ, ఖర్జూరాలు పంపించాడు.

మస్కట్ వచ్చాక మిద్దె మీద గుడ్డలు పరిచి ఎండబెట్టాం. పద్నాలుగు రోజులు కాకుల నుంచి నేనే కాపలా కాశాను. పని మధ్యలో కర్ర పట్టుకుని మెట్లెక్కడం, దిగడం. పదిహేనో రోజు పెద్దామె మిద్దె మీద చాప వేయించుకుని కూర్చుని, ఒక్కొక్కటీ తీసి గోటితో కొట్టి విని, కొన్నింటిని కొరికి, రెండు కుప్పలుగా వేరు చేసింది. మంచు సరిగా పట్టక పాడైనవన్నీ ఎడమవైపు పడ్డాయి. వాటిని పారేయడమే. కుడివైపువి మాత్రం నల్లగా, తేలికగా, గులకరాళ్ళలా ఉన్నాయి. అవి పారేసిన సంచిలో సగానికి వస్తాయి.

నేను నిలబడే ఉన్నాను. మేడమ్ తల్లి మాటలు విని చెప్పింది.

“పిన్ని తొక్కినవే బాగున్నాయట. కాని ఇవీ చూన్యోయే అంటోంది.”

“సగమే వచ్చాయి” అన్నాను. “మిగతా సగానికి వచ్చే జనవరి మళ్ళీ పోతాను.”

పెద్దామె ఒప్పుకోలేదు. మూడు రోజుల పనికి మూడు రోజుల పని అయిపోయింది. మంచు తక్కువ పడితే అది మంచు చేసిన తప్పు, దాన్ని నేను నా నెత్తిన వేసుకోకూడదట. పైగా పద్నాలుగు రోజులు కాకులను తోలింది నేను, ఆ పని ఒప్పందంలో లేదు. అందుకు ఆమె నాకు ఒక రోజు బాకీ ఉంది. నా పని ఏదైనా చెబితే చేస్తుందట.

నేను చాలాసేపు ఆలోచించాను. అప్పటికి నాలుగేళ్ళుగా ఈ దేశంలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పని చేస్తున్నాను, అందులో నా సొంత పని ఒక్కటీ లేదు. చివరికి నా పెట్టెలోని పాత నూలు చీరలు గుర్తుకొచ్చాయి. చిరిగినవి కూడా పారేయకుండా దాచుకున్నాను, ఎప్పుడైనా బొంత కుట్టుకుందామని.

“బొంత కుట్టాలని చెప్పండి.”

ఆ శుక్రవారం పెద్దామె టోపీతో సహా నా గదికి వచ్చి, నేల మీద పరిచిన చీరల మీద కూర్చుంది. నేను ఒక వైపు నుంచి, ఆమె ఒక వైపు నుంచి మొదలుపెట్టాం. నా కుట్లు పొడుగ్గా ఉన్నాయని రెండుసార్లు విప్పించింది. మధ్యాహ్నం నేను తెచ్చిన అన్నం తిని మళ్ళీ సూది అందుకుంది. ఎండ కిటికీ దాటేలోగా మూడు వైపులూ అయ్యాయి. ఆమె దారం కొరికి, సూది నాకిచ్చి, లేచి నిలబడింది. గాగరాలకు అంటిన నూలు పోగులు దులుపుకుని, రెండు అరచేతులూ ఒకదానికొకటి తట్టి, ఖాళీగా చూపించింది. ఇక ఏమీ బాకీ లేదని.

నేనూ లేచి, నా అరచేతులు తట్టి చూపించాను.